ఒకే గిన్నె, పది నిమిషాలు

ఆ రోజు ఉదయం ఆరూ నలభైకి ఆమె వంటింట్లో జడ వేసుకుంటూ, రబ్బరు బ్యాండు పళ్ల మధ్య పట్టుకునే, రాత్రి భోజనం సంగతి భర్తకు చెప్పింది. బ్యాండు జడకు చుట్టాక అదంతా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆయనకు ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలని ఇరవై రెండేళ్ల కాపురం ఆమెకు నేర్పింది. మొదటిసారి ఆయన వినడు, వింటున్నట్టు ముఖం పెడతాడు.

"ఒకే గిన్నె. పాస్తా అందులోనే, ఉల్లిపాయ, వెల్లుల్లి, టమాటాలు, నూనె, ఉప్పు అన్నీ అందులోనే. పైన నాలుగు గ్లాసుల నీళ్లు. మంట పెట్టి పది నిమిషాలు కలుపుతూ ఉండటమే. వేయించేది లేదు, వార్చేది లేదు. చిన్నపిల్లలు కూడా చేసేస్తారు."

"చిన్నపిల్లలు పొయ్యి దగ్గరికి పోకూడదు," అన్నాడాయన.

"అందుకే మీకు చెబుతున్నా."

ఆమె ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. సాయంత్రం షిఫ్టుకు ఇన్‌చార్జిగా ఉండమని వారం కిందట కాగితం ఇచ్చారు. వారానికి నాలుగు రోజులు రాత్రి తొమ్మిది దాకా అక్కడే ఉండాలి. ఆ కాగితం వారం రోజులుగా ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద వేలాడుతోంది. ఇంట్లో అందరూ దాని ముందు నుంచే పాలు తీసుకున్నారు, నీళ్లు తీసుకున్నారు. ఒక్కరూ దాని మాట ఎత్తలేదు.

"రేపటిలోగా సంతకం పెట్టివ్వాలి," అందామె. "ఇవాళ నేను తొమ్మిదింటికి వస్తాను. అప్పటికి మీరు ముగ్గురూ వేడిగా తినేసి, నాకింత మూతపెట్టి ఉంచండి. అది జరిగితే ఉద్యోగం చేస్తాను. జరక్కపోతే ఎప్పట్లాగే ఆరింటికి వచ్చేస్తాను. అంతే."

"సరే," అన్నాడాయన. అంత తొందరగా సరే అన్నందుకు తన మీద తనకే అనుమానం వచ్చింది.

ఆయనది అనుమానించే ఉద్యోగమే. అగ్నిమాపక శాఖలో ప్రమాద కారణాల అధికారి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క మంటనూ ఆర్పిన మనిషి కాదు. మంటలు ఆరాక, నీళ్లు ఇంకాక, ఏడుపులు సద్దుమణిగాక వెళ్లి, బూడిదలో మోకాళ్లు ఆనించి, ఎక్కడ మొదలైందో వెతికేవాడు. ఆఫీసులో ఆయన పేరు ఎవరూ పలకరు. ఎదురుగా సార్, వెనకాల బూడిదాయన.

బూడిదాయనకు రెండు నమ్మకాలు. ఒకటి, పొయ్యి దగ్గర మనిషి లేనప్పుడే వంటిల్లు కాలుతుంది. ఆయన చూసిన నాలుగు వందల పన్నెండు వంటింటి ప్రమాదాల్లో నాలుగు వందల పన్నెండు సార్లూ ఆ మనిషి 'ఒక్క నిమిషం' అవతలికి వెళ్లాడు. రెండోది, ఇంటికి తానే నిప్పు పెట్టుకున్నవాడు పారిపోడు. జనంలో కలిసి నిలబడి చూస్తాడు. వాడి ముఖంలో భయం ఉండదు, ఏడుపు ఉండదు. ఒక రకమైన విశ్రాంతి ఉంటుంది. తానే పెట్టానని వాడికి చాలాసార్లు తెలియదు కూడా. ఆ విశ్రాంతిని గుర్తుపట్టడంలో బూడిదాయనను మించినవాడు శాఖలో లేడు.

నివేదిక ఫారంలో 'కారణం' అనే శీర్షిక కింద మూడు గడులుంటాయి. అజాగ్రత్త, ఉద్దేశపూర్వకం, పరికర లోపం. పరికర లోపమైతే కింద ఇంకో మూడు ప్రశ్నలు: పరికరం ఏది, ఎన్నేళ్లుగా వాడకంలో ఉంది, గతంలో మరమ్మతు చేయించారా. ఆ మూడూ పట్టుబట్టి ఆయనే చేర్పించాడు. కారణం గడి ఖాళీగా వదిలిన నివేదికను ఏనాడూ ముట్టుకోలేదు.

రోజంతా కాలిన వంటిళ్లు చూసి ఇంటికి వచ్చేసరికి, కాలని వంటింట్లో దీపం వెలుగుతూ, ఆ దీపం కింద ఆమె నిలబడి ఉండటం ఆయనకు అవసరం. ఆ అవసరానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాడు. ఇంకేదైనా పేరుందేమోనని ఎప్పుడూ వెతకలేదు. అన్ని కారణాలూ వెతికే మనిషి దీన్నొక్కదాన్నీ వదిలేశాడు.

మధ్యాహ్నం ఆఫీసులో ఆయన ఆమె రాసిచ్చిన చీటీని ఎదురుగా పెట్టుకుని, ఒక తెల్లకాగితం మీద నిమిషాల వారీగా పట్టిక గీస్తున్నాడు. ఆయన అసిస్టెంటు, నలభై ఏళ్లావిడ, ముక్కు మీదికి జారిన కళ్లజోడులోంచి తొంగిచూసింది.

"ఏ ప్రమాదం సార్ ఇది?"

"ఇంకా జరగలేదు. సాయంత్రం వంట."

"పాస్తాకి ఫైలు తెరిచారా సార్! మా ఇంట్లో మా ఆయన ఫోన్ మాట్లాడుతూ చేస్తాడు."

"మీ ఇంటి నంబరు చెప్పు, రాసి పెట్టుకుంటాను," అన్నాడాయన. ఆయన నవ్వలేదు కాబట్టి ఆవిడా నవ్వలేదు.

ఆరూ పదికి ఇల్లు చేరాడు. మూడో అంతస్తులో వాళ్ల ఫ్లాటు. హాల్లో మామగారు కూర్చుని ఉన్నారు. నలభై ఐదేళ్లు గడియారాలు బాగుచేసి విరమించిన మనిషి. చూపు మందగించినా చొక్కా జేబులో స్టాప్‌వాచీ మాత్రం ఉంటుంది. కూతురు తన గదిలో తలుపేసుకుని ఉంది. మర్నాడు కెమిస్ట్రీ పరీక్ష. తలుపు మీద 'లోపలికి రావద్దు, తిండికి తప్ప' అని కాగితం అంటించింది.

ఆయన చేతులు కడుక్కుని, ఫ్రిజ్ తలుపు మీద ఖాళీగా ఉన్న అయస్కాంతం కింద వంట చీటీ పెట్టాడు. కర్టెను చుట్టి కట్టేశాడు. పొయ్యి పక్కన తడిగుడ్డ మడిచి పెట్టాడు. టమాటాలు ఎనిమిదేసి ముక్కలుగా కోశాడు. ఒక పాకెట్ పాస్తా, నాలుగు గ్లాసుల నీళ్లు. ఆరూ ముప్పై ఒకటికి మంట వెలిగించి, గరిటె పట్టుకుని, కాపలావాడిలా నిలబడ్డాడు.

"పది నిమిషాలేనా అల్లుడూ?" అంటూ మామగారు కుర్చీ తెచ్చుకుని వంటింటి గుమ్మంలో కూర్చుని స్టాప్‌వాచీ నొక్కారు. "చూద్దాం."

నిమిషం గడవక ముందే కాలింగ్ బెల్ మోగింది.

పొయ్యి దగ్గర్నుంచి కదిలితే మంట ఉండకూడదు. ఆయన పొయ్యి ఆపాడు, గోడకున్న గ్యాసు వాల్వు కట్టేశాడు, గిన్నె పిడి గోడవైపు తిప్పాడు. అప్పుడు వెళ్లి తలుపు తీశాడు. పై ఫ్లాటు వాళ్ల పార్సిల్. వాళ్లు ఇంట్లో లేరట. సంతకం పెట్టి తీసుకున్నాడు. తిరిగొచ్చి వాల్వు తిప్పి, వాసన చూసి, మంట వెలిగించాడు.

"యాభై ఐదు సెకన్లు," అన్నారు మామగారు.

"ఏమిటి మామయ్యగారూ?"

"మంట ఉన్నంతసేపే లెక్క. మంట లేనప్పుడు వాచీ ఆపేస్తున్నా. పది నిమిషాలంటే పది నిమిషాల మంట కదా."

తర్వాత హాల్లో ఫోన్ మోగింది. పొయ్యి, వాల్వు, పిడి. అసిస్టెంటు. "ఎలా ఉంది సార్ పరిస్థితి, అదుపులోనే ఉందా?" తర్వాత కూతురు గదిలోంచి అరిచింది, "నాన్నా, నెట్ పోయింది!" పొయ్యి, వాల్వు, పిడి. తర్వాత పార్సిల్ కోసం పై ఫ్లాటు ఆయన వచ్చాడు. నిలబడి, ఆ పెట్టెలో ఏముందో, దాన్ని ఎందుకు తెప్పించాడో, పోయినసారి తెప్పించింది ఎలా పగిలిందో చెప్పాడు. ఐదోసారి ఎవరూ పిలవలేదు. వీధి తలుపు గడియ పెట్టానా లేదా అన్న అనుమానం వచ్చింది. పొయ్యి, వాల్వు, పిడి. గడియ పెట్టే ఉంది.

ఆరూ యాభై ఎనిమిదికి మామగారు ప్రకటించారు. "మూడు నిమిషాల యాభై సెకన్లు. ఈ లెక్కన నీ పది నిమిషాలు పూర్తయ్యేసరికి పిల్ల డిగ్రీ అయిపోతుంది అల్లుడూ."

కూతురు తలుపు తీసుకుని వచ్చి గిన్నెలోకి చూసింది. ఈ అరగంటలో పాస్తా గోరువెచ్చటి నీళ్లలో నానుతూ, ఆ నీళ్లన్నీ తాగేసి, ఒక్కో గొట్టం వేలెడు లావైంది.

"నాన్నా, నీళ్లేవి?"

"నాలుగు గ్లాసులు పోశాను."

"మరి ఎక్కడికి పోయాయి?"

ఆయన వంగి గిన్నె అడుగు చూశాడు. పొయ్యి కింద గుడ్డతో తుడిచి, గుడ్డ పొడిగానే ఉందని చూపించాడు. ఎక్కడా కారలేదు. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్న అధికారి తన వంటింట్లో నాలుగు గ్లాసుల నీళ్లు ఏమయ్యాయో చెప్పలేకపోయాడు.

"పోసేస్తున్నా, ఉండు," అని కూతురు మూడు గ్లాసులు పోసింది. పరీక్ష భయంతో చేతులు ఊరుకోని పిల్ల, ఇంకో గ్లాసు కూడా పోసింది. ఇప్పుడు గిన్నె నిండా నీళ్లు, అడుగున పాస్తా.

మామగారు కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు. "ఇది పాస్తానా, పాస్తా స్నానం చేసిన నీళ్లా?" అని, అల్మరాలోంచి రెండో పాకెట్ తీసి, కత్తెర వెతికేలోపే పళ్లతో చింపి గిన్నెలో పోసేశారు. గిన్నె అంచుదాకా వచ్చింది. గరిటె పెడితే పొర్లుతోంది. గరిటె పెట్టకపోతే అడుగంటుతుంది.

"రెండు గిన్నెల్లోకి సర్దేస్తే సరి," అన్నారు మామగారు.

"ఒకే గిన్నె అని రాసింది," అన్నాడాయన ఫ్రిజ్ వైపు చూపిస్తూ. ఆ మాట అంటున్నప్పుడు తన గొంతులో ఉన్న పట్టుదల తనకే వింతగా అనిపించింది. చీటీలో రాసింది రాసినట్టు చేసినవాడిని ఎవరూ తప్పుపట్టలేరు. అప్పటిదాకా ఆయన ఆలోచన వంట గురించి. ఆ క్షణం నుంచి, తప్పు తనది కాకుండా ఉండటం గురించి.

"అయితే పెద్దది తెస్తా," అని కూతురు కింది ఫ్లాటుకు పరుగెత్తింది. అక్కడ ఉండేది ఈత నేర్పే ఆవిడ. పోటీల రోజున పిల్లలందరికీ సూపు కాచే గిన్నె ఒకటి ఆవిడ దగ్గరుంది. మనిషిని కూర్చోబెట్టి స్నానం చేయించొచ్చు. గిన్నె వెనకే ఆవిడ కూడా వచ్చింది, మెడలో విజిల్‌తో సహా.

"అన్నయ్యగారూ, ఇంత గిన్నెకి ఆ గుడ్డిదీపం మంట ఏం చాలుతుంది? పూర్తిగా పెంచండి. మూత పెట్టండి. ఆవిరి బయటికి పోనిస్తే ఎలా ఉడుకుతుంది?"

ఆయన అంతా ఆ పెద్ద గిన్నెలోకి మార్చి మంట పెంచాడు. మూత పెట్టాడు. ఇక ఏం మోగినా కదలనని ఒట్టు పెట్టుకున్నాడు. కూతురు పక్కన, మామగారు గుమ్మంలో వాచీతో, ఈతావిడ నడుం మీద చేతులతో. నలుగురు మనుషులు ఒక పొయ్యిని ఇంత శ్రద్ధగా చూస్తున్న వంటిల్లు ఆ సమయాన ప్రపంచంలో ఇంకోటి ఉండకపోవచ్చు. గిన్నె మాత్రం పొయ్యి కన్నా వెడల్పు. మంట ఎవరికీ కనిపించడం లేదు.

మూత కింద తెల్లటి నురగ లేచింది. మూత ఒక్కసారి దగ్గినట్టు పైకెగిరింది. నురగ అంచులు దాటి, గిన్నె చుట్టూ జారి, చడీచప్పుడు లేకుండా మంటను ఆర్పేసింది.

"తొమ్మిది నిమిషాలు," అన్నారు మామగారు ఉత్సాహంగా. "తొమ్మిదింబావు నిమిషాలు."

అప్పుడు ఆయనకు వాసన తగిలింది.

మామూలు మనిషి ఏం చేస్తాడు? పొయ్యి ఆపి, కిటికీలు తెరుస్తాడు. ఆయనా అదే చేశాడు. పొయ్యి, వాల్వు, రెండు కిటికీలు, అన్నీ కలిపి ఐదు సెకన్లు. గాలి జోరుగా వీచింది. వాసన పోయింది. పాస్తా ఉడికింది. టైము ఏడూ ఇరవై. ఇంకా గంటా నలభై నిమిషాలుంది. తినొచ్చు, ఆమెకు మూతపెట్టి ఉంచొచ్చు. కథ అక్కడితో అయిపోయింది.

ఆయనకు అది తెలుసు. తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా, తెలుసు అన్న ముక్క మాత్రం చెరగలేదు. కానీ చెయ్యి అప్పటికే వరండాలో ఉన్న ఎర్ర అలారం డబ్బా అద్దం పగలగొట్టి మీట నొక్కేసింది. బహుళ అంతస్తుల భవనంలో గ్యాసు వాసన వస్తే మొత్తం ఖాళీ చేయించాలి, అడుగు అంతస్తులో ఉన్న పెద్ద వాల్వు కట్టేయాలి అని శాఖ ఆదేశం. ఆదేశం కింద సంతకం ఆయనదే.

ముప్పై రెండు కుటుంబాలు మెట్లు దిగాయి. ఈతావిడ ముప్పై ఏళ్లుగా ఇలాంటి రోజు కోసమే ఎదురుచూసినట్టు విజిల్ ఊదుతూ, అంతస్తుల వారీగా అందరినీ వరసలో నిలబెట్టింది. ఒకాయన తల నిండా షాంపూ నురగతో వచ్చాడు. ఒకావిడ సగం ఉడికిన కూర గిన్నెను పసిబిడ్డలా చంకలో పెట్టుకుని వచ్చింది. మామగారిని కుర్చీతో సహా దింపారు. ఆయన వాచీ ఆపలేదు. కూతురు కెమిస్ట్రీ పుస్తకంతో వీధిదీపం కిందికి చేరింది. బూడిదాయన ఆఖరున దిగాడు, రెండు చేతులతో ఆ పెద్ద గిన్నెను మోసుకుంటూ.

"అదెందుకు నాన్నా!"

"సాక్ష్యం," అన్నాడాయన. "ఘటనాస్థలంలో వదిలేయకూడదు."

"మంటెక్కడండీ?" అడిగింది రెండో అంతస్తు వాళ్ల వరసలోంచి ఒక గొంతు.

"మంట లేదు."

"పొగ?"

"పొగా లేదు."

"నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పూ లేదు, పొగా లేదు. మేం మాత్రం రోడ్డు మీదున్నాం!"

"గోరుతో పోయేదానికి గొడ్డలి తెచ్చాడు మహానుభావుడు," అన్నారింకెవరో. చీకట్లోంచి ఒక మనిషి ఆయన దగ్గరికి వచ్చి, సిగరెట్ చూపిస్తూ, అగ్గిపెట్టె ఉందా అని అడిగాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన వాడి సంగతి ఆయన విన్నదే. ఇల్లు కాలకముందే అడిగేవాడుంటాడని వినలేదు.

"వాల్వు తిప్పేయండి, పోయి వంటలు చేసుకుంటాం," అన్నాడు షాంపూ మనిషి. నురగ చెవుల మీద ఎండిపోతోంది.

"కుదరదు. కారణాల అధికారి వచ్చి పరిశీలించి సంతకం పెట్టాలి."

"ఆ అధికారి ఎక్కడుంటాడు?"

"నేనే."

"మరింకేం! పెట్టండి."

"సొంత ఇంటి ప్రమాదాన్ని ఆ అధికారి విచారించకూడదు. ఇంకొకరు రావాలి. ఫోన్ చేశాను. నగరం అటు చివర్నుంచి రావాలి, నలభై నిమిషాలు."

"ఈ రూలు ఏ వెధవ పెట్టాడండీ?"

మామగారు కుర్చీలోంచి అందుకున్నారు. "అల్లుడే. మూడేళ్ల కింద. ఆ రోజు స్వీట్లు కూడా తెచ్చాడు ఇంటికి."

సమయం గడిచింది. పిల్లలు ఆకలని ఏడ్వడం మొదలుపెట్టారు. అప్పుడు ఎవరికో ఆలోచన వచ్చింది: ఆ గిన్నె నిండా తిండి ఉంది కదా. మాట వరసల వెంబడి పాకింది. ఈతావిడ గిన్నెను మెట్టు మీద పెట్టించి, మూత తీసింది.

అందరూ ముందుకు వంగారు. రెండు పాకెట్ల పాస్తా ఒకటే ముద్దయి, ఎర్రగా, మెరుస్తూ, అంచుల మీదికి ఉబ్బి ఉంది. మధ్యలోంచి ఒక బుడగ నెమ్మదిగా పైకొచ్చి, నిట్టూర్చినట్టు పగిలింది. నాలుగేళ్ల పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని అడిగింది. "అమ్మా, ఇది ఇంకా బతికే ఉందా?"

ముప్పై రెండు కుటుంబాలు ఆకలితో ఉన్నాయి. ఒక్కరూ ముట్టుకోలేదు.

ఈతావిడ మూత ఆయన చేతికిచ్చింది. వీధిదీపం వెలుగులో ఆ స్టీలు మూత అద్దంలా మెరిసింది. ఎనిమిదింబావు. ఇంట్లో ఎవరూ తినలేదు. ఆమెకు మూతపెట్టి ఉంచింది లేదు. ఉన్నది మూతొక్కటే. రేపు ఆమె సంతకం పెట్టదు. ఎల్లుండి సాయంత్రం ఆరింటికి వంటింట్లో దీపం వెలుగుతుంది, దాని కింద ఆమె ఉంటుంది. అలా అనుకోగానే ఛాతీలో ఎక్కడో బిగుసుకున్న ముడి ఒకటి మెల్లగా వదులైంది.

మూతలో తన ముఖం కనిపించింది. భయం లేదు, ఏడుపు లేదు. ఆ ముఖాన్ని ఆయన కాలిన ఇళ్ల ముందు, జనం మధ్య ఎన్నోసార్లు పట్టుకున్నాడు. పక్కకు పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, "ఎందుకు చేశావు?" అని మెత్తగా అడిగాడు. నేను కాదు సార్, నాకేం తెలీదు సార్ అని వాళ్లు ఏడ్చేవాళ్లు. అబద్ధమాడుతున్నారనుకునేవాడు.

ఆయన మూతను బోర్లించి పట్టుకున్నాడు.

అసిస్టెంటు జీపు దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా పైకి వెళ్లి, పది నిమిషాల్లో కిందికి వచ్చింది. పెద్ద వాల్వు తిప్పించింది. జనం ఒక్కసారిగా మెట్ల వైపు తోసుకున్నారు. వెళ్తూ వెళ్తూ ప్రతి ఒక్కరూ ఆయన వైపు ఒక చూపు పారేసి వెళ్లారు. వీధిలో గిన్నె, కుర్చీలో మామగారు, దీపం కింద కూతురు మిగిలారు.

"సార్," అంది అసిస్టెంటు, ఫారం అట్ట మీద పెట్టుకుని. గొంతు తగ్గించింది. "పొయ్యి ఆపారు, వాల్వు కట్టారు, కిటికీలు తీశారు. అంతా అయ్యాక అలారం కొట్టారు. వరస ఇదేనా?"

"ఇదే."

"మరి కారణం గడిలో ఏం పెట్టమంటారు?"

ఆయన చాలాసేపు ఆ మూడు గడుల వైపు చూశాడు. "ఖాళీగా వదిలెయ్," అన్నాడు.

ఆవిడ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. పదకొండేళ్లుగా ఆయన కింద పనిచేస్తోంది. పోయినవాళ్ల ఇంట్లో నిలబడినట్టు నిలబడింది.

అప్పుడే వీధి మలుపులో ఆటో ఆగింది. ఈతావిడ ఫోన్ చేసిందట. ఆమె ఆసుపత్రి కోటు కూడా విప్పకుండా దిగి, తండ్రి భుజం మీద చెయ్యి వేసి చూసింది, కూతురు ముఖం చూసింది, గిన్నెలోకి చూసింది. ఆఖరున భర్త వైపు చూసింది.

"ఎవరికైనా ఏమైనా అయిందా?"

"లేదు."

"తిన్నారా?"

"లేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "రేపు నువ్వు ఆ సంతకం... నా వల్లే... నేను..."

"పొద్దున పదింటికే పెట్టేశాను," అందామె.

ఆయనకు మాట అర్థమవడానికి కొంత సమయం పట్టింది. రెండోసారి చెబుతుందేమోనని ఎదురుచూశాడు. ఆమె చెప్పలేదు.

"ఫ్రిజ్ మీద కాగితం లేదు. చూడలేదా? మీరు చూడకపోవడమేమిటి?"

ఖాళీ అయస్కాంతం. దాని కింద తన చేత్తోనే వంట చీటీ పెట్టాడు. బూడిదలోంచి అగ్గిపుల్ల తలను కూడా వెతికి పట్టుకునే మనిషి.

"మరి ఇవాళ్టి ఈ పరీక్ష దేనికి?"

"వంట చేయగలరా లేదా అని కాదండీ. పాస్తా ఎవరైనా చేస్తారు," అందామె. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "చెయ్యకుండా ఉండటానికి ఎంత దూరం పోతారో చూద్దామని. పళ్లేలు పగలగొడతారు, మాడ్చేస్తారు, మహా అయితే కడుపునొప్పి అంటారు అనుకున్నాను. బిల్డింగంతా దింపుతారని మాత్రం నిజంగా అనుకోలేదు."

"నేను కావాలని చెయ్యలేదు," అన్నాడాయన. అని, ఆ మాట ఎక్కడ విన్నాడో గుర్తొచ్చి, చేతిలో బోర్లించిన మూత వైపు చూశాడు.

"తెలుసు," అందామె. "అదే కదా బాధ."

పైన ఒక్కో కిటికీలో దీపం వెలుగుతోంది, గిన్నెల చప్పుడు మొదలైంది. మామగారు వాచీ చెవి దగ్గర పెట్టుకుని, "అమ్మాయ్, గంటా ఇరవై ఏడు నిమిషాలు. ఇక దించేయొచ్చనుకుంటా," అన్నారు. కూతురు నవ్వబోయి, తండ్రి ముఖం చూసి, పుస్తకంలోకి తల దించుకుంది.

"మేడమ్," అంది అసిస్టెంటు ఇబ్బందిగా, "ఇంటివాళ్లలో ఇంకొకరి సంతకం కావాలి. కారణం దగ్గర సార్ ఖాళీగా వదిలెయ్యమన్నారు."

"ఖాళీగా ఉంటే ఆయనకు నిద్ర పట్టదు," అని ఆమె ఫారం, పెన్ను తీసుకుంది. రక్తం సీసాల మీద పందొమ్మిదేళ్లుగా చీటీలు రాసిన గుండ్రటి చేతిరాత. మొదటి గడి దగ్గర ఆగలేదు. రెండో గడి దగ్గర కొంచెం ఆగింది. మూడో గడిలో టిక్కు పెట్టింది.

పరికరం ఏది అన్నచోట 'భర్త' అని, ఎన్నేళ్లుగా వాడకంలో ఉంది అన్నచోట 'ఇరవై రెండు' అని రాసింది. గతంలో మరమ్మతు చేయించారా అన్న ప్రశ్నకు 'లేదు' అని రాసి, దాని కింద గీత గీసింది.